గురువారం గది

మా మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మార్కాపురంలో డయాలసిస్ వార్డులో డ్యూటీలో ఉన్నాను. ఒక పేషెంటును మంచం మీద పడుకోబెట్టి చేతికి సూది ఎక్కిస్తున్నాను. ఆ పనిలో ఉండగా ఫోన్ ఎత్తను. గిద్దలూరు నుంచి మేడమ్ వాళ్ల వదినగారు ఆపకుండా చేస్తుంటే పక్కనున్న టెక్నీషియన్ ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు. "మీ మేడమ్ ఇక లేదు పాపా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంది. పిలిస్తే పలకలేదు," అని చెప్పి ఆమె పెట్టేసింది.

సూది మధ్యలో ఆపేది కాదు. పని పూర్తిచేసి, ప్లాస్టరు అంటించి, మిషను తిరగడం మొదలయ్యాకే తల ఎత్తాను. ఎవరు పోయినారమ్మా అని మంచం మీదున్న కంభం రైతు అడిగాడు. చెప్పాను. అతను గోడవైపు తల తిప్పుకున్నాడు. మాట ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోయింది. ఎప్పుడూ సెల్‌ఫోన్లలో పాటలు మోగే ఆ గదిలో మిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అక్కడ పడుకున్నవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆమె చూసినవాళ్లే. ఈ మంచాల మీదికి మనుషులు రాకుండా ఉండాలనే ఆమె కొట్లాడారు. ఆ కొట్లాటలో ఓడిపోయారు. ఓడిపోయిన చోటే నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.

ఆమె పల్లె ఆసుపత్రి డాక్టరు. బేస్తవారిపేట పక్కన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశారు. నేను అక్కడ నర్సును. ఆమె పెళ్లి చేసుకోలేదు. చివరి ఏళ్లు గిద్దలూరులో అన్నగారింట్లో ఉన్నారు. బయటివాళ్లకు చెప్పాలంటే ఇంతే.

మధ్యాహ్నానికి నేను గిద్దలూరు చేరేసరికి ఆ వీధంతా మనుషులే. శవాన్ని హాల్లో పడుకోబెట్టారు. బంధువులందరూ గేటు బయట చెప్పులు విడిచి లోపలికి పోతున్నారు. మా పాత పేషెంట్లు మాత్రం చెప్పులతోనే గేటు దగ్గర ఆగిపోయారు. విడవరు, అట్లని లోపలికీ పోరు. శవం ఉన్న ఇంట్లోకి చెప్పులతో ఏందని అన్నగారు కొంచెం కోపంగా అడిగారు. ముందున్న ముసలామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వట్టి కాళ్లతో అడుగు తీసి అడుగు పెట్టొద్దని చెప్పింది నాయనా. షుగరోళ్లం. ఆమె ముందర ఎట్ల విడిచేది?" అంది. వదినగారు బయటికి వచ్చి అందరినీ అట్లాగే లోపలికి రమ్మన్నారు. వాళ్లు చెప్పులతోనే శవం చుట్టూ తిరిగి దండం పెట్టుకున్నారు. హాలంతా ఎర్రమట్టి అయింది.

ఆమె మా ఆసుపత్రికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఈ పక్కకు బదిలీ మీద వచ్చే డాక్టర్లు వచ్చిన రోజే ఎప్పుడు పోదామా అని చూస్తారు. ఈమె కూడా అంతేననుకుని మేం ఎక్కువ పట్టించుకోలేదు. ఆమె వచ్చీ రాగానే తన గదిలోకి పోకుండా వరండాలో పేషెంట్ల బల్ల మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ ఎక్కడినుంచి వచ్చారు, పొద్దున ఏం తిన్నారు, ఇంతకుముందు ఎవరికి చూపించుకున్నారు అని అడుగుతూ పోయారు. గిద్దలూరు మనిషే కాబట్టి మాట మా మాటే. ముసలివాళ్లను మామా, అత్తా అనేవారు. నన్ను పాపా అనేవారు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా పాపనే.

ఆ రోజుల్లో మా దగ్గరికి షుగరు, బీపీ ఉన్నవాళ్లు వచ్చేవాళ్లు కానీ నిలిచేవాళ్లు కాదు. షుగరుకు మార్కాపురంలో ఒక డాక్టరు, గుండె దడకు ఒంగోలులో ఒకరు, కళ్లకు ఎప్పుడో క్యాంపు పెడితే అక్కడ. ఈ పక్క బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ, నడి వయసుకే మోకాళ్లు వంగవు. దానికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది. ఆ సూది వేసుకుంటే గాని చేలోకి పోలేరు. అది కిడ్నీలను తినేస్తుందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఒక డాక్టరు ఏం ఇచ్చాడో ఇంకో డాక్టరుకు తెలియదు.

ఓబులేసు మామ ఆ లెక్కనే వచ్చాడు. గొర్రెలు కాసే మనిషి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. కాలి బొటనవేలి దగ్గర పుండు, ఎంతకూ మానడం లేదు. ఏం మందులు వాడుతున్నావు మామా అని మేడమ్ అడిగితే గుడ్డసంచి విప్పి బల్ల మీద గుమ్మరించాడు. బిళ్లలు కుప్పగా పడ్డాయి. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అట్ట తిప్పి చూశారు. వేర్వేరు పేర్లతో ఉన్న రెండు అట్టలు ఒకటే మందు. ఇద్దరు డాక్టర్లు రాశారు, ఆయన రెండూ మింగుతున్నాడు. అందుకే చేలో కళ్లు తిరిగి పడిపోతున్నాడు. అడుగున నొప్పి బిళ్లలు, అవి ఎవరు రాశారో ఆయనకే తెలియదు. మేడమ్ ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన పోయాక మాత్రం నాతో అన్నారు: "బిళ్లలు చూసినారు, పుండు చూసినారు, కళ్లు చూసినారు పాపా. మనిషిని మాత్రం ఒక్కరూ చూడలేదు."

గురువారం గది అక్కడినుంచి మొదలైంది. దాని వెనక పెద్ద ఆలోచన ఏమీ లేదు. షుగరు, బీపీ, కిడ్నీ, కళ్లు, కాళ్లు, ఆయాసం, ఇవన్నీ ఒకే మనిషికి ఉంటాయి కాబట్టి, ఆ మనిషి ఒక్కసారి బస్సెక్కి వస్తే అన్నీ ఒకేచోట చూసి పంపాలి. తర్వాత ఆ మనిషి వారం వారం ఎట్లా ఉన్నాడో ఊళ్లో ఒకరికి తెలిసి ఉండాలి. అంతే. ఇంత చిన్న సంగతికి ఎంతమందిని బతిమాలుకోవాల్సి వచ్చిందో చూసినదాన్ని నేను. కళ్లు చూసే ఆయన మార్కాపురం నుంచి రావాలి. ఆయనకు గురువారం ఇంకెక్కడో డ్యూటీ. మేడమ్ నాలుగైదుసార్లు తిరిగి, ఆయన పై అధికారి ఇంటి ముందు కూర్చుని, ఆ గురువారాన్ని విడిపించుకున్నారు. మా ల్యాబ్ టెక్నీషియన్ ఇంతమందికి ఒకేరోజు పరీక్షలంటే నా వల్ల కాదన్నాడు. ఆమె సూదితో రక్తం తీయడానికి తానే పక్కన కూర్చున్నారు. మందుల స్టోరు గదిని ఖాళీ చేయించి, తెల్లసున్నం వేయించి, గోడ పొడుగునా బల్లలు వేయించారు. మనుషులు ఆ బల్ల మీద జరుగుతూ జరుగుతూ ఒక్కొక్కరి ముందుకీ వచ్చి, చివర మేడమ్ దగ్గరికి చేరేవాళ్లు.

కాళ్లు మాత్రం ఎవరికీ వదిలేవారు కాదు. పేషెంటును కళ్లు మూసుకోమని, పాదం తన ఒళ్లో పెట్టుకుని, వేలితో ముట్టుకుని "తెలుస్తందా?" అని అడిగేవారు. మొదట్లో ముసలివాళ్లు సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కునేవాళ్లు. పొలంలోంచి నేరుగా వచ్చిన కాళ్లు, పగుళ్ల నిండా పేడ, మట్టి. ఆమె తడిగుడ్డతో తుడిచి మరీ చూసేవారు. తెలియడం లేదని చెప్పలేక తెలుస్తందని అబద్ధమాడేవాళ్లు కొందరు. అది ఆమెకు తెలిసిపోయేది. అట్లాంటివాళ్లకు రెండు తిట్లు, ఒక జత చెప్పులు.

ఆర్‌ఎంపీలతో పోట్లాడతారనుకున్నాం. ఆమె వాళ్లను పిలిచి భోజనం పెట్టారు. ఇంటినుంచి జొన్నరొట్టెలు, వంకాయ కూర తెచ్చి వడ్డించి, నొప్పి సూదులు షుగరువాళ్లకు వేయవద్దని, వాళ్లను తన దగ్గరికి పంపమని అడిగారు. "జనం మీ మాట వింటారు. నా మాట వినేదానికి నేను ఇంకా ఎన్నేళ్లు ఉండాల్నో. నాకు మీరు కావాల," అన్నారు. వాళ్లలో బాషా అనే ఆయన మొదట ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు గురువారం పొద్దునే తన ఊరివాళ్లను ఆటోలో ఎక్కించి పంపేవాడు. మిగతావాళ్లలో కొందరు మారారు, కొందరు మారలేదు.

ఓబులేసు మామ పుండు మానింది. బొటనవేలు నిలిచింది. కానీ ఎండాకాలం ముందు ఆయన వచ్చి, ఇంక రాలేనని చెప్పాడు. ఈ పక్క మేత అయిపోతే గొర్రెలు కాసేవాళ్లు మందలు తోలుకుని గుంటూరు పక్క, వరి కోతలైన మాగాణులకు పోతారు. మళ్లీ వానలు పడితేనే వచ్చేది. మందులు ఆపితే పుండు మళ్లీ వస్తుందని మేడమ్ అంటే ఆయన నవ్వి, "గొర్రెలు నీ గురువారం చూసి మేస్తాయా అమ్మా?" అన్నాడు.

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఆ వారమంతా అదే మాట్లాడారు. మనుషుల్ని మన దగ్గరికి రమ్మంటున్నాం గానీ వాళ్లు పోయే దారిలో మనం ఎక్కడా లేము అన్నారు. మందలు ఏ దారిన పోతాయో, ఎక్కడెక్కడ ఆగుతాయో ఓబులేసు మామనే కూర్చోబెట్టి చెప్పించుకున్నారు. ఆ దారిలో ఉన్న ఆసుపత్రుల్లో తనతో చదువుకున్నవాళ్లు, తన తర్వాత చదువుకున్నవాళ్లు ఎవరున్నారో వెతికి ఫోన్లు చేశారు. మా మనిషి వస్తే మీ మనిషిలాగా చూసి బిళ్లలు ఇవ్వండి, ఇక్కడ మీ మనిషి వస్తే నేనిస్తాను అన్నారు. ఆ ఎండాకాలం ఓబులేసు మామ ఏదో ఊరి కాలువగట్టు నుంచి నాకు ఫోన్ చేశాడు. "బిళ్లలు ఇచ్చినారు నర్సమ్మా. కూర్చోమని కుర్చీ కూడా వేసినారు. అమ్మకు చెప్పు," అన్నాడు. చెబితే మేడమ్ ఆ రోజు మా అందరికీ బేస్తవారిపేట నుంచి మిర్చి బజ్జీలు తెప్పించారు. అంత సంతోషంగా ఆమెను నేను తక్కువసార్లు చూశాను.

మంచిరోజులు కొన్నేళ్లు నడిచాయి. పై అధికారులు వచ్చి చూశారు. వచ్చిన ఒక పెద్దాయనకు నిజంగానే నచ్చింది. దీన్ని మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఈ పడమటి మండలాలన్నిటికీ పెడదాం, మీరే ముందుండి చేయండి అని మేడమ్‌ను అడిగారు. ఆమెకు జీపు ఇచ్చారు. ఆమె నన్ను కూడా వెంట తీసుకున్నారు. ఆ జీపులో మేం తిరగని పల్లె లేదు. పెద్దాసుపత్రిలో పడుకుని ఇంటికి పోయిన మనిషి సంగతి ఆ ఊరి నర్సుకు అదే వారం తెలియాలి, ఊరి నర్సుకు అనుమానం వస్తే పెద్దాసుపత్రి డాక్టరు ఫోన్ ఎత్తాలి, ఇదే ఆమె అన్ని చోట్లా చెప్పారు. పలకల గనుల్లో పనిచేసి దగ్గు పట్టుకున్నవాళ్లను కూడా ఆ గదిలోకే తెచ్చారు. పట్నం డాక్టర్లు కొందరు, మా పని మాకు చెప్పడానికి ఒక పల్లె డాక్టరా అని ముఖం మీదే అన్నారు. ఆమె బదులు చెప్పకుండా మళ్లీ వారం వాళ్ల గది ముందే నిలబడేవారు. అభిమానం లేదా మేడమ్ అని నేను అడిగితే, ఉంది పాపా, దాన్ని ఇంట్లో పెట్టి వచ్చినాను అన్నారు.

తర్వాత ఆ పెద్దాయన బదిలీ మీద మారిపోయారు. ఆయనతో పాటు అన్నీ మారాయి.

కొత్తగా పథకాలు వచ్చాయి. షుగరు బీపీలకు ఒకటి, కిడ్నీలకు ఒకటి, కళ్లకు ఒకటి, ముసలివాళ్లకు ఒకటి. దేనికి దానికే ఒక రోజు, ఒక బ్యానరు, ఫోన్‌లో ఎక్కించాల్సిన ఫొటో. ఏ పథకమూ చెడ్డది కాదు. కానీ ఒక్కొక్క దానికీ వేరే అధికారి, ఒకరి రోజున ఇంకొకరి పని చేస్తే కోపం. కళ్లాయనకు గురువారం కుదరదని ఉత్తరువు వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్‌ను క్యాంపులకు పంపారు. అదే ముసలామె సోమవారం ఒకసారి, బుధవారం ఒకసారి, మళ్లీ శనివారం ఒకసారి కూలి మానుకుని బస్సెక్కి రావాల్సి వచ్చింది. రెండు వారాలు వచ్చేది, మూడో వారం ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకునేది.

మార్కాపురంలో జరిగిన ఒక మీటింగు నేను చచ్చేదాకా మర్చిపోను. కొత్త అధికారి మేడమ్‌ను నిలబెట్టి, మీ పక్క పేషెంట్లు మిగతా మండలాలకంటే ఎందుకు తక్కువ కనపడుతున్నారని అడిగాడు. తక్కువ లేరు సార్, ఒకే మనిషికి ఉన్నవన్నీ కలిపి చూస్తున్నాం అని ఆమె చెప్పారు. ఆయన ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఒక మనిషిని నాలుగు పథకాల్లో చూపిస్తే నలుగురవుతారు కదమ్మా. మీరు ఒక్కరినే చూపిస్తున్నారు. మీవల్ల జిల్లా వెనకబడుతోంది."

మేడమ్ ఆయన వంకే చూస్తూ, "సచ్చేటప్పుడు మాత్రం ఒక్కడే సస్తాడు సార్," అన్నారు.

ఆ హాల్లో మా ఊరి యాస వినపడటం ఎవరికీ నచ్చలేదు. ఎవరో దగ్గారు. వానలు మొదలు కాకముందే ఆమెకు బదిలీ వచ్చింది. సముద్రం పక్క ఒక ఆఫీసులో, పేషెంటు అనేవాడు గడప తొక్కని ఒక సీటు. శిక్షణలకు వచ్చినవాళ్లకు సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టే పని. అది శిక్ష కాదని, పదోన్నతి అని చెప్పారు. నన్ను డయాలసిస్ వార్డుకు పంపారు. గురువారం గదిలోకి మళ్లీ మందుల పెట్టెలు వచ్చాయి. బల్లలు ఎటు పోయాయో నాకు తెలియదు.

మరుసటి ఎండాకాలం ఓబులేసు మామ ఎప్పటిలాగే మంద తోలుకుని పోయాడు. దారిలో ఆసుపత్రికి పోతే కొత్త డాక్టరు, మీ మండలం కాదు, మీ పేరు ఇక్కడ రాదు, మీ ఊరికి పోయి తెచ్చుకోండి అన్నాడట. ఆ పిల్లాడి తప్పేమీ లేదు. అతనికి పాత సంగతులు చెప్పినవాళ్లు లేరు. ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు ఫోన్ చేసి అడిగిన మాట ఆ డాక్టర్లు మారేదాకానే నడిచింది. బిళ్లలు అయిపోయాయి. మంద వెంట నడవాలంటే మోకాళ్ల నొప్పి. ఆ ఊరి ఆర్‌ఎంపీ సూదులు వేశాడు. ఓబులేసు మామ వానల్లో తిరిగి వచ్చేసరికి ముఖం, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కొన్ని నెలలకు ఆయన్ను ఆయన భార్య నారాయణమ్మ చెయ్యిపట్టుకుని నా వార్డుకే తీసుకొచ్చింది. చేతికి సూది ఎక్కించింది నేనే.

నేను మేడమ్‌కు చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఒకరోజు సెలవు పెట్టి బస్సులో వచ్చేశారు. వార్డు బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చున్నారు. ఆమె అలవాటుగా దుప్పటి పక్కకు తీసి పాదాలు చూశారు. బొటనవేలు బాగానే ఉంది. ఆమెను ఊరడించాలని కాబోలు, ఓబులేసు మామే ముందు నోరు తెరిచాడు. "మంద అమ్మేసినానమ్మా. ఇంక యాడికీ పోయేది లేదు. ఇప్పుడైతే నువ్వు ఏ గురువారం రమ్మన్నా వస్తా," అన్నాడు.

అది ఎకసెక్కం కాదు. నిజంగానే అన్నాడు. ఆమె ఆయన చెయ్యి నిమిరి లేచి బయటికి పోయారు. నేను వెనకే పోయేసరికి ఆవరణలో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ ఉన్నారు. ఎంతసేపు కడుక్కున్నారో. నేను టవలు అందిస్తే తీసుకోలేదు. కొంగుతో తుడుచుకుని బస్టాండువైపు నడిచిపోయారు. ఓబులేసు మామ చలికాలం దాటలేదు.

ఆమె రిటైరయ్యాక సన్మానం చేస్తామని వచ్చినవాళ్లను ఇంటి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. గిద్దలూరులో అన్నగారింటి వరండాలో ఒక బీపీ మిషను, ఒక షుగరు మిషను పెట్టుకుని కూర్చునేవారు. గురువారం అని ఎవరికీ చెప్పలేదు. జనమే ఆ రోజున రావడం మొదలుపెట్టారు. బస్సులు మారి మారి వచ్చేవాళ్లు. ఆమె వాళ్ల బిళ్లలు విడదీసి, అక్కర్లేనివి తీసేయించి, ఎవరు ఎక్కడికి పోవాలో చెప్పి పంపేవారు. వదినగారు మజ్జిగ ఇచ్చేవారు. నేను డ్యూటీ లేని గురువారాల్లో పోయేదాన్ని.

ఒకసారి ఆ వరండాలో జనాన్ని చూసి నాకు కళ్లు చెమర్చాయి. మీరు ఇట్లా ఒక్కరే ఇంతమందికి చేస్తున్నారు, మీలాంటివాళ్లు ఉండరు మేడమ్ అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నా మీద అంత కోపం ఎప్పుడూ చూడలేదు.

"ఆ మాట అనొద్దు పాపా. నాలాంటిది ఒకతి ఉంటేనే నడిచేదైతే అది ఆసుపత్రి కాదు, వట్టి అరుగు. నేను సచ్చిన మరునాడు ఇది ఉండదు. నేను లేకపోయినా నడిచేది ఒకటి కట్టాలనుకున్నా. నా చేత కాలేదు. దీన్ని చూసి నువ్వు మురిసిపోతే నేను ఓడిపోయినందుకు మురిసిపోయినట్టే."

తర్వాత మామూలుగానే మాట్లాడారు. మజ్జిగలో ఉప్పు తక్కువైందని వదినగారి మీద విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ మాటల నొప్పి ఇప్పటికీ తగ్గలేదు. ఆమెను తలుచుకుని ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా అందుకే చాలా రోజులు వెనకాడాను. పొగిడితే ఆమెకు కోపం. పొగడకుండా ఉండటం నాకు కష్టం. ఒకే మనిషిలో ఇన్ని రోగాలుంటే ఆ మనిషిని ముందు చూడాలని నాకు నేర్పింది ఆమె. నేను ఇవాళ ఎవరి చేతికైనా సూది ఎక్కించే ముందు పొద్దున ఏం తిన్నావని అడుగుతానంటే అది ఆమె పెట్టిన అలవాటు. ఇంతవరకే చెప్పుకుంటాను.

పోయిన వారం మార్కాపురంలో సంతాపసభ పెట్టారు. పూలదండ వేసిన ఫొటో, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆమెను సముద్రం పక్కకు పంపిన బదిలీ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లు కూడా స్టేజీ మీద ఉన్నారు. ఆమె పేదల పాలిట దేవత అన్నారు. ఆమె లేని లోటు ఎవరూ తీర్చలేనిది అన్నారు. ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అంటుంటే నాకు ఒళ్లు మండింది. తీర్చలేని లోటు ఏముంది అందులో? ఒక గది, కొన్ని బల్లలు, నలుగురు ఒకేరోజు ఒకేచోట కూర్చోవడానికి ఒక ఉత్తరువు, దారిలో ఉన్న ఆసుపత్రులకు ఇంకో ఉత్తరువు. దేవతలు చేసే పని కాదది. దేవత అని దండ వేస్తే ఆ పని మనం చేయనక్కర్లేదు, అంతే.

నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. గురువారం మళ్లీ పెట్టమని అడిగి, మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాను. స్టేజీ మీద ఒకాయన తల ఊపి, పరిశీలిద్దాం అన్నాడు. ఆసుపత్రిలో ఒక హాలుకు ఆమె పేరు పెట్టే విషయం కూడా పరిశీలిస్తారట. తర్వాత టీ ఇచ్చారు. ఓబులేసు మామ భార్య నారాయణమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది. టీ తాగకుండానే లేచింది. నా దగ్గరికి వచ్చి, ఇప్పుడు తనకు కూడా షుగరు వచ్చిందని, ఎక్కడికి పోవాలని అడిగింది. మూడు చోట్ల పేర్లు చెప్పాను.

నిన్న గురువారం. మేడమ్ బీపీ మిషను నువ్వైనా తీసుకుపో అని వదినగారు పిలిస్తే పొద్దునే గిద్దలూరు పోయాను. వరండాలో మిషన్లున్న బల్ల ముందు అప్పటికే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నాకు తెలియని మనిషి. కొనకనమిట్ల దగ్గర పల్లె నుంచి తెల్లారకముందు బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. ఎవరో చెప్పగా మొదటిసారి వచ్చాడు. ఇక్కడ అమ్మ ఒకరున్నారు, అన్నీ ఆమే చూస్తుంది, ఇంక యాడికీ తిరిగే పని ఉండదు అన్నారట. ఆలస్యం కాకూడదని చొక్కా ఎడమ చెయ్యి ముందే భుజం దాకా మడిచి పెట్టుకున్నాడు. ఒళ్లో బిళ్లల సంచి.

నేను ఆయన పక్కన కూర్చుని, మెల్లగా చెప్పాను.

ఆయన విన్నాడు. ఏడవలేదు. తనకు తెలియని మనిషి కోసం ఏమని ఏడుస్తాడు? మూసి ఉన్న మేడమ్ గది తలుపు వంక ఒకసారి చూశాడు, తర్వాత గేటు బయట రోడ్డు వంక చూశాడు. వదినగారు మజ్జిగ తెచ్చిచ్చారు. తాగి గ్లాసు కింద పెట్టాడు. బస్సుకు ఇంకా టైముందని నేనన్నా లేవలేదు. ఎండ వరండాలోకి వచ్చి ఆయన పాదాల దాకా పాకింది. ఆయన అట్లాగే కూర్చున్నాడు, మడిచిన చొక్కా చెయ్యి దించకుండా, ఆ చేతిని బల్ల మీద చాపిపెట్టుకుని.